అత్త తీసిన కొలత

పోయిన వారం కోడలిని కిలోమీటరు రాయి మీద కూర్చోబెట్టి వదిలేశాం. మనకు వారం గడిచింది గాని, ఆమెకు ఆ రాయి మీద పావుగంట కూడా గడవలేదు. జట్టంతా ముందుకు వెళ్ళిపోయింది. విజిల్ మాస్టారు మాత్రం సైకిలు వెనక్కి తిప్పుకుని వచ్చి "ఏమైందమ్మా?" అని అడిగాడు. "పిక్క పట్టేసింది మాస్టారూ" అంది కోడలు.

అది పచ్చి అబద్ధం. పిక్క నిక్షేపంగా ఉంది. పిక్క పట్టేసినవాళ్ళు పిక్క పట్టుకుంటారు, ఈమె బూటు ముందు భాగం పట్టుకుని కూర్చుంది. ఆ సంగతి మాస్టారు చూడకపోలేదు. జట్టు కట్టి పరుగులు నేర్పే మనిషి, మెడలో విజిల్ లేకుండా ఇంట్లో వాళ్ళు కూడా గుర్తుపట్టరని పేరు. ఆయన బూట్ల వంక కాసేపు చూసి, "వాటినన్నా మార్చు, పందెంలోంచి పేరన్నా తీసెయ్. రెండూ కుదరవంటే నన్ను మార్చుకో" అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఏ పందెమో కొత్తగా చదివేవాళ్ళకి చెప్పాలి. దూరం పరుగు పందేలకు ఊరి తరఫున వెళ్ళే ఆడవాళ్ళ జట్టును వచ్చే నెల ఎంపిక పరుగులో తేలుస్తారు. ముప్పై అయిదు దాటినవాళ్ళను ఆ జట్టులోకి తీసుకోరు. మన కోడలికి ఈ ఏడాదే ఆఖరు. స్కూల్లో ఉన్నప్పుడు గాలిలా పరిగెత్తేది. తరవాత చదువు, పెళ్ళి, కుట్టుమిషను, పిల్లలు. మళ్ళీ రెండేళ్ళ కిందట ఒక తెల్లవారుజామున ఎవరికీ చెప్పకుండా రోడ్డెక్కింది. ఈసారి జట్టులో పేరు రాకపోతే ఇక రోడ్డు పక్కన నిలబడి వేరేవాళ్ళకి చప్పట్లు కొట్టడమే.

మరి బూట్లు మార్చడానికి అడ్డేమిటి? ఆ బూట్లు అత్త తెచ్చినవి. అదీ చిక్కు.

అత్తను వీధిలో అందరూ కత్తెరమ్మ అంటారు. ఇంటి ముందుగదే టైలరు షాపు. ఆమె కుట్టిన కోటుకు ఆల్టరేషన్ అడిగినవాడు ఇంతవరకూ లేడు. ఉంటే వాడే ఈ మధ్య లావెక్కి ఉంటాడని ఆమె నమ్మకం. కోడలు పరుగు మొదలుపెట్టిన రోజుల్లో, "ఎవరిల్లు తగలబడుతోందని ఆ పరుగు?" అని రోజుకోసారి అడిగేది. అలాంటి మనిషి ఒక ఉదయం, కోడలు మిషను మీద స్కూలు యూనిఫారాలు కుడుతుండగా, టేపు పట్టుకొచ్చి ఆమె పాదం కొలిచి, సాయంత్రానికి కొత్త బూట్ల పెట్టెతో వచ్చింది. "చర్మంలా అతుక్కుని ఉండాలి. వదులుగా ఉంటే అది కుట్టు రానివాడి పని. సరిపోయాయా?" అంది. బొటనవేలు ముందు అంచుకు తగులుతోంది. అయినా కోడలు, "సరిగ్గా సరిపోయాయి అత్తయ్యా" అంది.

ఆ ఒక్క మాట ఆమె కాలిగోళ్ళ మీదికి వచ్చింది. దూరం పెరిగేకొద్దీ ఎడమ బొటనవేలి గోరు ఎర్రబడింది, కమిలింది, నల్లబడింది. పక్క వేలిదీ అదే దారి. ఆమె ఇంట్లో కూడా మేజోళ్ళు వేసుకుని తిరగడం మొదలుపెట్టింది. బస్సు డ్రైవరైన మొగుడికి మాత్రం విషయం తెలుసు. "మా అమ్మకి నువ్వే చెప్పుకో. అడకత్తెరలో పోకచెక్కలా నేను నలగలేను" అని డ్యూటీకి వెళ్ళిపోయాడు. ప్రయాణికులతో మహా ధైర్యంగా మాట్లాడతాడు, అమ్మ దగ్గరే హారన్ పనిచెయ్యదు.

రాయి మీద నుంచి లేచి ఇంటికి చేరేసరికి ఎండ ఎక్కింది. వెనక గుమ్మంలోంచి వెళ్ళి, కాళ్ళు కడుక్కుని, కొత్త మేజోళ్ళు తొడుక్కుని, ఏమీ ఎరగనట్టు షాపులోకి వచ్చింది. మధ్యాహ్నం దాకా కుక్కిన పేనులా కాజాలు కుట్టింది. భోజనాలయ్యాక కత్తెరమ్మ బల్ల మీద కోటు గుడ్డ పరిచి సుద్దతో గీత గీస్తూ, తలెత్తకుండానే అంది:

"ఆ పెద్ద మిషను మీద కూర్చో. ఈ ప్యాంట్లు కానియ్."

పెద్ద మిషను పెడల్‌ది. ఇనుప పలక అరిగిపోయి నున్నగా ఉంటుంది. కోడలు కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది. నాలుగు కుట్లు పడ్డాయో లేదో, మేజోడు జారి, కాలు పెడల్ అంచుకు కొట్టుకుంది. ఆమె నోట్లోంచి వచ్చిన చప్పుడు చిన్నదే. కానీ కత్తెరమ్మ సుద్ద ఆగిపోయింది.

"మేజోళ్ళతో పెడల్ ఎవరన్నా తొక్కుతారా? తియ్."

"పరవాలేదు అత్తయ్యా."

"నీకు పరవాలేదు. ప్యాంటు కాలు వంకరపోతే కస్టమరుకి పరవా ఉంది. తియ్యమన్నానా."

"కొంచెం చలిగా ఉంది..."

ఫ్యాను కింద చెమటలు కక్కుతూ చలి అన్న మనిషిని కత్తెరమ్మ ఆపాదమస్తకం చూసింది. సుద్ద బల్ల మీద పెట్టి, వచ్చి, మిషను ముందు నేల మీద చతికిలబడింది. కోడలు కాలు వెనక్కి లాక్కోబోయింది.

"అయ్యో, మీరు నా కాలు పట్టుకోవడమేమిటి అత్తయ్యా?"

"కాలు పట్టుకోవడం వేరు, పాదం చూడటం వేరు. కదలకు."

మేజోడు ఊడి వచ్చింది. కత్తెరమ్మ కళ్ళజోడు ముక్కు మీదికి జరుపుకుని ఆ నల్లటి గోళ్ళ వంక చూసింది. చాలాసేపు చూసింది. రెండో మేజోడు కూడా తీసింది. తరవాత లేచి, షట్టరు సగానికి దించింది. పట్టపగలు షట్టరు దించడం కోడలు ఆ ఇంటికి వచ్చాక ఎప్పుడూ చూడలేదు. తిడుతుందనుకుని తల వంచుకుంది. తిట్టు రాలేదు. అది ఇంకా భయంగా ఉంది.

"ఎన్నాళ్ళ నించి?"

కోడలు పాదాలు మిషను కిందికి దాచుకుంది.

"నేను తెచ్చిన బూట్ల వల్లేగా?"

"దూరం పరిగెత్తినప్పుడు మాత్రమే అత్తయ్యా. మామూలప్పుడు బాగానే..."

"బూట్లు తెచ్చింది దూరం పరిగెత్తడానికే కదా. మామూలుగా నడవడానికి నీకు చెప్పుల్లేవా?"

కత్తెరమ్మ స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. మణికట్టుకు కట్టుకున్న గుండుసూదుల దిండును తీసి పక్కన పెట్టింది. ఆమె గొంతులో కోపం లేదు, దెబ్బ తిన్నట్టు ఉంది.

"ఈ షాపులో ట్రయల్ అంటే ఏమిటో నీకు చెప్పాలా? కోటు తొడిగిస్తాను. చేతులెత్తమంటాను, కూర్చోమంటాను, వంగమంటాను, ఆవలించమంటాను. ఎక్కడ పడుతోందో చెప్పమంటాను. చెప్పినవాడు నాకు మేలు చేసినట్టు. మొహమాటపడి బాగుందని వెళ్ళిపోయి, ఇంటికెళ్ళి విప్పేసినవాడున్నాడే, వాడు నన్ను అవమానించినట్టు. నా దగ్గర పదేళ్ళుగా పని చేస్తున్నావు. నీ ట్రయల్‌లో నువ్వే అబద్ధం చెప్పావా?"

"మీరు బాధపడతారని..."

"బాధ కాదు. నా కొలత తప్పని నువ్వు చెప్పలేదంటే, చెప్తే వినే మనిషిని కాదనుకున్నావన్నమాట."

అనుకుంది. వీధిలో అందరూ అనుకుంటారు. కత్తెరమ్మ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని పాల ప్యాకెట్లు వేసేవాడికి కూడా తెలుసు. కానీ కోడలిని ఆపింది అది ఒక్కటే కాదు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు గనక ఆమె నోరు విప్పింది.

"అదొక్కటే కాదు అత్తయ్యా. రెండేళ్ళూ నేను దొంగలా వెనక గుమ్మంలోంచి వెళ్ళి, దొంగలా వచ్చాను. ఆ రోజు మీరు బూట్లు తెచ్చి ముందు గుమ్మంలో పెట్టారు. మీకు తెలీదు, నేను ఆ పూట స్నానాల గదిలో ఏడ్చాను. అవి సరిపోలేదని తిరిగిచ్చేస్తే పరుగు కూడా తిరిగిచ్చేసినట్టు అవుతుందేమోనని భయమేసింది. నా పరుగు సంగతి మీరు మళ్ళీ ఎప్పుడూ అడగరేమోననిపించింది."

కత్తెరమ్మ పక్కనున్న ప్యాంటు గుడ్డని అనవసరంగా మడిచింది, విప్పింది. మడత సరిగ్గా రాలేదని మళ్ళీ మడిచింది.

"పిచ్చిదానా" అంది చివరికి. "గోళ్ళు ఊడేదాకా మర్యాద చేస్తారా ఎవరన్నా? లే. ఆ బూట్లు తీసుకో. ఆ మాస్టారు జట్టువాళ్ళందరికీ ఏదో బూట్ల దుకాణం చెప్తాడని అప్పుడెప్పుడో అన్నావు చూడు, అక్కడికి పోదాం."

"ఇప్పుడా? ప్యాంట్లు..."

"ప్యాంట్లు వేసుకునేవాళ్ళు ఈ పూటకి ఉన్నవాటితో సరిపెట్టుకుంటారు."

ఆ దుకాణంలో పరుగు బూట్లు తప్ప ఇంకేమీ అమ్మరు. గోడల నిండా రంగురంగుల బూట్లు, మధ్యలో బెంచీ, బయట కాలిబాట మీద తొడుక్కుని పరిగెత్తి చూసుకోవడానికి ఖాళీ. కౌంటరులో ఉన్న అమ్మాయి తనూ ఉదయం పూట పరిగెత్తే మనిషేనని పిక్కలు చూస్తే తెలుస్తోంది. పాత బూట్లు చేతిలోకి తీసుకుని, లోపల చెయ్యి పెట్టి చూసి, "వీటిని ఎవరు ఎంచారు?" అని అడిగింది.

"నేనే" అంది కత్తెరమ్మ. "సరిగ్గా పాదం కొలతకే తెచ్చా. వెంట్రుకవాసి తేడా లేదు."

"కూర్చోబెట్టి కొలిచారా అమ్మా, నిలబెట్టి కొలిచారా?"

మామూలు ప్రశ్నే. ఆ అమ్మాయి రోజూ అందరినీ అడిగేదే. కానీ కత్తెరమ్మ ముఖంలో రంగు మారింది. జన్మలో ఏ మనిషినీ నిలబెట్టకుండా కొలవలేదామె. ముసలివాళ్ళు వస్తే పక్క మనిషి చేత పట్టించైనా నిలబెడుతుంది. ఆ ఉదయం మాత్రం యూనిఫారాలు ఆ పూటకి అందాలి. కోడలు లేస్తే మిషను ఆగుతుంది. అందుకని లేవనివ్వలేదు. ఒక కాలు పెడల్ మీద ఆడుతుండగానే రెండో పాదానికి టేపు చుట్టేసింది.

"కూర్చునుండగా" అంది కత్తెరమ్మ, గొంతు తగ్గించి. తరవాత కోడలి వైపు తిరిగింది. "పని ఆగుతుందని నిలబెట్టలేదు నిన్ను. నా తప్పే అది."

అత్త నోట ఆ మాట కోడలు మొదటిసారి వింది. ఏం చెయ్యాలో తెలియక, "పరవాలేదు" అనబోయి, అలాంటి మాట వల్లే వచ్చిన అనర్థం గుర్తొచ్చి నోరు మూసుకుంది.

దుకాణం అమ్మాయి ఇద్దరినీ ఒకసారి చూసి, తన పని తాను చేసింది. కోడలిని కొలత పలక మీద నిలబెట్టింది. బరువు పడగానే పాదం పరుచుకుంది. ఎడమ పాదం కుడిదానికంటే కాస్త పెద్దది. "పెద్దదానికే తీసుకోవాలి. ఇంకా ఒకటి, దూరం పరిగెత్తేకొద్దీ పాదం ఉబ్బుతుంది. వేళ్ళ ముందు బొటనవేలి వెడల్పంత చోటు వదలాలి."

"అంతా?" అంది కత్తెరమ్మ. తప్పు ఒప్పుకున్నంత మాత్రాన కత్తెరమ్మ కాకుండా పోదు కదా. "నేను భుజం దగ్గర అంత వదులు పెడితే కస్టమరు మళ్ళీ మొహం చూపించడు."

"మడమ దగ్గర మీరన్నట్టే పట్టి ఉండాలమ్మా, జారకూడదు. ముందే వదులు."

కత్తెరమ్మ ఆలోచించింది. "పెరిగే పిల్లల గౌనుకి అడుగున గుడ్డ మడిచి ఉంచుతాను, వచ్చే ఏడాదికి విప్పుకోవడానికి. ఇదీ అలాంటిదేనా?"

"అలాంటిదే. కాకపోతే ఏడాది ఆగక్కర్లేదు. గంటలో పెరుగుతుంది, సాయంత్రానికి తగ్గుతుంది."

"అయితే పాదం వింత పిల్లే" అంది కత్తెరమ్మ. ఆ తరవాత ఆమెని పట్టడం ఎవరి వల్లా కాలేదు. తెచ్చిన ప్రతి జతకీ ట్రయల్ పెట్టింది. మునివేళ్ళ మీద లేవమంది, గొంతుక్కూర్చోమంది, బయటికి పోయి పరిగెత్తమంది, వెనక్కి వచ్చాక మడమ దగ్గర వేలు దూర్చి చూసింది. ఒక జత పక్కల నొక్కుతోందంటే తీసేయించింది. ఇంకో జత బాగుందని కోడలు అనగానే, "బాగుందా, బాగుందంటున్నావా?" అని కళ్ళలోకి చూసింది. కోడలు మళ్ళీ పరిగెత్తి వచ్చి, "మడమ జారుతోంది" అని ఒప్పుకుంది. కత్తెరమ్మ సంతోషంగా అది కూడా పక్కన పెట్టించింది.

ఇంతలో కోడలి కళ్ళు గోడ మీద పై వరసలో ఒక జత మీద పడ్డాయి. పందేల్లో గెలిచేవాళ్ళ కాళ్ళకి ఉండేవి అవే. చేతిలోకి తీసుకుంటే బరువే లేదు. తొడుక్కుని కాలిబాట మీద పరిగెత్తితే ఎవరో వెనకనించి తోస్తున్నట్టుంది. ముఖం వెలిగిపోయింది. కానీ మలుపు దగ్గర తిరిగేసరికి చీలమండ తూలింది, గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

"అవి పందెం బూట్లు" అంది దుకాణం అమ్మాయి. "రోజూ సాధనకి కాదు. ముందు చీలమండలు, పిక్కలు గట్టిపడాలి. మీకిప్పుడు కావాల్సింది రోజూ దూరాన్ని మోసే జత. దానితోనే పందెం కూడా పరిగెత్తొచ్చు, తప్పేం లేదు. కాకపోతే కొత్త జతతో నేరుగా పందేనికి మాత్రం వెళ్ళకండి. కొన్నాళ్ళు పరిగెత్తి అలవాటు చేసుకోవాలి."

"విన్నావా?" అంది కత్తెరమ్మ. "పెళ్ళికోటు తొడుక్కుని పొలం దున్నుతానంటే ఎట్లా?"

కోడలు నవ్వి, ఆ తేలిక బూట్లని తానే పైవరసలో పెట్టేసింది. ఆశగానే పెట్టింది. ఆఖరికి నీలంరంగు జత కుదిరింది. చూడ్డానికి కాస్త లావు, అడుగున మెత్త. ముందు వేళ్ళు కదులుతున్నాయి, మడమ కదలడం లేదు. నల్లబడ్డ గోళ్ళ మీద పై గుడ్డ ఆనడం లేదు. ఆమె బయట రెండుసార్లు అటూ ఇటూ పరిగెత్తి వచ్చింది. ఎవరూ అడగకుండానే, "ఇవే అత్తయ్యా" అంది. ఈసారి కత్తెరమ్మ కళ్ళలోకి చూడలేదు. అక్కర్లేకపోయింది.

కుడి బూటు విప్పి పెట్టెలో పెట్టబోతుండగా ఫోను మోగింది. విజిల్ మాస్టారు.

"అమ్మా, ఒక తిరకాసు. వచ్చే నెల వంతెన రిపేరు పెట్టుకున్నారట, పరుగుకి రోడ్డు ఇవ్వలేమంటున్నారు. ఎంపిక పరుగు ముందుకు జరిపారు. ఈ ఆదివారమే."

కోడలు బెంచీ మీద కూర్చుండిపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే కాబోలు. ఒక కాలికి కొత్త బూటు, రెండో కాలు ఖాళీ, పక్కన గోళ్ళు తినేసే పాత జత. కొత్తది అలవాటు కాలేదు, పాతది తొడగడానికి లేదు.

"పేర్లు ఈ సాయంత్రమే పంపాలి" అన్నాడు మాస్టారు. "నీ పేరు ఉంచనా, తీసెయ్యనా? పిక్క ఎలా ఉంది?"

దుకాణం అమ్మాయికి మాటలు వినిపించాయి. తల అడ్డంగా ఊపలేదు, నిలువుగా ఊపలేదు. కత్తెరమ్మ కోడలి వంకే చూస్తోంది, పెదవి కదపలేదు. బాగుందని ఒక్క మాట అంటే పేరు ఉంటుంది. ఇన్నాళ్ళూ ఆమెకు బాగా వచ్చిన మాట అదే.

"మాస్టారూ, పిక్కకేమీ కాలేదు. నేను అబద్ధం చెప్పాను. ఎడమ కాలికి రెండు గోళ్ళు నల్లబడ్డాయి. బూట్లు చిన్నవి. ఇవాళే కొత్తవి తొడుక్కున్నాను, ఒకటి ఇంకా కాలికే ఉంది. ఇదీ సంగతి. ఆదివారం పరిగెత్తాలని ఉంది. పరిగెత్తగలనో లేదో నాకు తెలీదు."

పేరు పోయిందనే అనుకుంది కోడలు. పోయినా సరే, మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

"రెండేళ్ళలో నువ్వు నాకు చెప్పిన మొదటి నిజం ఇది" అన్నాడు మాస్టారు. "నొప్పి ఎక్కడుందో తెలిస్తే ఏదో ఒకటి చెయ్యొచ్చు. నేను గ్రౌండులోనే ఉన్నా. చీకటి పడకముందు రా. ఆ కొత్త బూట్లతోనే రా. నా కళ్ళ ముందు పరిగెత్తు. చూశాకే పేరు పంపుతా, లేదా కొట్టేస్తా."

ఫోను పెట్టేసేసరికి కత్తెరమ్మ అప్పటికే కింద కూర్చుని ఉంది. రెండో బూటు కోడలి కాలికి తొడిగి, లేసు బిగిస్తోంది. మధ్యలో ఆగి, "పడుతోందా?" అని అడిగింది.

"పైన కొంచెం పడుతోంది అత్తయ్యా. వదులు చెయ్యండి."

కత్తెరమ్మ వదులు చేసింది. ముడి వేసి, మోకాలి మీద చెయ్యి ఊనుకుని లేచింది.

"గ్రౌండు ఊరికి ఆ చివర కదా. నేను బస్సులో వస్తా. నువ్వు బస్సెక్కావంటే ఊరుకోను."

కోడలు తలుపు తోసుకుని కాలిబాట మీదికి వచ్చింది. పొద్దు వాలుతోంది, రోడ్డు నిండా ఆఫీసుల నుంచి ఇళ్ళకి పోయేవాళ్ళు. ఒక్క క్షణం నిలబడి ఊపిరి పీల్చుకుంది. ఈ రెండేళ్ళూ ఆమె తెల్లవారకముందు చీకట్లోనే రోడ్డెక్కింది. ఇవాళ వీధి వీధంతా చూస్తుండగా మొదటి అడుగు వేసింది, తరవాత రెండోది. వేళ్ళు ముందు దేనికీ తగల్లేదు.